అమ్మానాన్నలకి ఈమెయిల్: ఏ కంపెనీది తీసుకోవాలి, తాళాలు ఎవరి దగ్గర ఉంచాలి

విజయవాడ పటమటలోనైనా గుంటూరు బ్రాడీపేటలోనైనా అరవై దాటినవాళ్ల ఫోను తీసి చూస్తే అందులో ఒక జీమెయిల్ ఎలాగూ ఉంటుంది. ఫోను కొన్న రోజున సెల్ షాపులో కుర్రాడు "ఇది లేకపోతే ప్లేస్టోర్ తెరుచుకోదండీ" అని రెండు నిమిషాల్లో ఒకటి తెరిచి చేతిలో పెట్టేస్తాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టాడో అమ్మకి తెలియదు. రికవరీకి, అంటే పోయిన అకౌంటుని తిరిగి తెప్పించుకోవడానికి, ఎవరి నంబరు ఇచ్చాడో నాన్నగారికి తెలియదు. రెండేళ్లు బాగానే నడుస్తుంది. ఒకరోజు స్క్రీన్ లాక్ మర్చిపోయి, ఎవరో పక్క బటన్లు నొక్కి, అన్నీ చెరిపేసి ఫోనుని కొత్తదానిలా చేసే ఫ్యాక్టరీ రీసెట్ కొడితే, ఇంతకుముందు ఈ ఫోనులో ఉన్న గూగుల్ అకౌంటుతో లాగిన్ అవ్వమని అడిగి అక్కడే ఆగిపోతుంది. కొట్టేసిన ఫోను దొంగకి పనికిరాకూడదని ఆండ్రాయిడ్‌లో పెట్టిన కాపలా అది. పాస్‌వర్డ్ తెలియని సొంతదారుణ్ణీ అలాగే ఆపేస్తుంది.

నెట్ సెంటర్లదీ ఇదే వరస. పాన్ కార్డుకో, పాస్‌పోర్టుకో, ఇన్‌కమ్ ట్యాక్స్ రిజిస్ట్రేషన్‌కో వెళ్తే, ఈమెయిల్ అన్న గడిలో చాలాచోట్ల సెంటరువాళ్ల మెయిలే పడిపోతుంది. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే నాన్నగారి జీఎస్టీకి ఆడిటర్ గారి ఆఫీసు మెయిల్ ఉంటుంది. నోటీసు వచ్చినా అది ఇంటికి చేరదు.

అందుకే గూగుల్‌వాళ్ల జీమెయిలా, మైక్రోసాఫ్ట్‌వాళ్ల అవుట్‌లుకా అన్నది రెండో ప్రశ్న. ఆ అకౌంటు పోతే తిరిగి తెప్పించుకునే తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది మొదటిది. కంపెనీని ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే కాస్త అసౌకర్యంతో పోతుంది. తాళాల దగ్గర పొరపాటు జరిగితే అకౌంటే పోతుంది, దాని వెనక బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను కాగితాలు, ఫొటోలు కూడా.

ఉన్నదాన్ని ఉంచాలా, కొత్తది తెరవాలా

ముందు ఉన్న అకౌంటుని పరీక్షించండి. అమ్మ ఫోనులో సెట్టింగ్స్, గూగుల్, అకౌంట్ మేనేజ్, సెక్యూరిటీ వరకు వెళ్లి మూడు చూడాలి: రికవరీ ఫోను నంబరు, రికవరీ ఈమెయిల్, "మీ పరికరాలు" అన్న జాబితా. ఆ జాబితాలో ఎప్పుడో అమ్మేసిన పాత ఫోను ఉంటే సైన్ అవుట్ చేసేయండి. నంబరు షాపు కుర్రాడిదో, పనిచేయని పాత సిమ్ముదో అయితే మార్చండి. మార్చాక ఒక్క వారం ఓపిక పట్టాలి. నంబరు మార్చిన తర్వాత కూడా ఏడు రోజుల వరకు పాత నంబరుకి కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఉంచుతుంది. దొంగ వచ్చి నంబరు మార్చేస్తే అసలు మనిషికి దారి మూసుకుపోకూడదని ఆ గడువు. ఆ వారంలో బ్యాంకుకీ పన్ను శాఖకీ ఈ మెయిల్ ఇవ్వకుండా ఆగితే మంచిది.

ఈ మార్పులన్నీ చేయగలిగారంటే పాత అకౌంటునే ఉంచుకోండి. కొత్త అడ్రసు ఇస్తే చుట్టాలకీ బ్యాంకుకీ మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి. పాస్‌వర్డ్ తెలియక, రికవరీ కూడా ఎవరిదో అయి, గూగుల్ లోపలికి రానివ్వకపోతేనే కొత్తది తెరవండి. ఇన్‌బాక్సులో ఏళ్ల తరబడి వేల ప్రకటనలు పేరుకుని, అసలు మెయిల్ కంటికి ఆనకుండా పోయినా కొత్తదే మేలు. అప్పుడు కూడా పాతదాన్ని వెంటనే మూసేయకండి. బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్, పాస్‌పోర్టు, డిజీలాకర్, బీమా, గ్యాస్ అని వరసగా రాసుకుని, ఒక్కొక్కచోట మెయిల్ మార్చి, మార్చినట్టు కొత్త అడ్రసుకి సందేశం వచ్చాకే దాన్ని మూసేయండి. మూడు నాలుగు నెలలు పడుతుంది, పట్టనివ్వండి.

కొత్తది తెరిచేటప్పుడు తగిలే చిక్కు ఒకటుంది. నంబరు ఇచ్చాక, వెరిఫికేషన్‌కి ఈ నంబరు వాడటం కుదరదని చూపిస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు మీద అకౌంట్లు తెరిచిన ఇళ్లలో ఇది ఎక్కువ, ఎందుకంటే ఒక నంబరుతో ఇన్నేనని గూగుల్ పరిమితి పెట్టింది. ఇంట్లో ఇంకొకరి నంబరుతో వెరిఫై చేసి, అకౌంటు తెరిచాక రికవరీ దగ్గర అమ్మ నంబరు చేర్చుకోవచ్చు.

ఏ కంపెనీ

ఆండ్రాయిడ్ ఫోనే ప్రపంచమైన అమ్మానాన్నలకి జీమెయిల్. దీని మీద పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. ఫోనుకి ఎలాగూ గూగుల్ అకౌంటు కావాలి, అదే మెయిల్ అయితే గుర్తుపెట్టుకోవాల్సిన పాస్‌వర్డ్ ఒకటి తగ్గుతుంది. మెనూలు తెలుగులో వస్తాయి. దొంగ మెయిళ్లని స్పామ్‌లోకి తోసేయడంలో గట్టిది. అన్నిటికన్నా ముఖ్యంగా, పాస్‌వర్డ్ పంచుకోకుండానే పిల్లలు దూరం నుంచి సాయం చేసే ఏర్పాటు ఇందులో ఉచితంగా ఉంది. దాని సంగతి కింద చెబుతాం.

జీమెయిల్‌కి ఉన్న పెద్ద లోపం నిలవ, ఉచితంగా ఇచ్చేది 15 జీబీయే. మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ ఆ ఒక్క గాదెలోవే. 2024 నుంచి ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ లెక్కలోకే వచ్చి చేరింది. పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలు, పెళ్లి వీడియోలు, గుళ్లో హారతి వీడియోలు అన్నీ కలిసి గాదె నిండిపోతే కొత్త మెయిల్ రాదు, పంపినవాళ్లకి తిరిగి వెళ్లిపోతుంది. ఇంట్లోవాళ్లేమో బ్యాంకువాళ్లు పంపలేదనుకుంటారు. అకౌంటు పెట్టిన రోజే వాట్సాప్ బ్యాకప్‌లో "వీడియోలు కలపండి" అన్నది తీసేయండి.

ఇంట్లో విండోస్ కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే అలవాటున్న నాన్నగారికి, రిటైరయిన అకౌంటెంటుకో లెక్చరరుకో, అవుట్‌లుక్ సరిపోతుంది. పెద్ద తెర, పెద్ద అక్షరాలు, ఆఫీసులో అలవాటైన రూపం. దానిలో జీమెయిల్‌లో లేని సుగుణం ఒకటుంది. వెబ్‌లో సెట్టింగ్స్, మెయిల్, జంక్ ఈమెయిల్ దగ్గర, సేఫ్ సెండర్స్ జాబితాలో ఉన్నవాళ్ల మెయిల్‌ని మాత్రమే నమ్మమనే టిక్ ఉంటుంది. అది పెడితే జాబితాలో లేనివాళ్ల మెయిల్ అంతా జంక్‌లోకి పోతుంది. వాచ్‌మన్ని పెట్టుకున్నట్టే. అయితే కొత్త ఆసుపత్రి రిపోర్టు పంపినా, కొత్త వెబ్‌సైటు ఓటీపీ పంపినా జంక్‌లోకే పోతాయి. రెండు మూడు రోజులకోసారి మీరు జంక్ చూసిపెట్టగలిగితేనే ఆ టిక్ పెట్టండి. ఇప్పటికే ఒకసారి మోసపోయిన వాళ్లకైతే ఈ ఇబ్బంది భరించినా ఫరవాలేదు.

నిలవ సంగతి అవుట్‌లుక్‌లో కాస్త వంకర. మెయిల్‌కి 15 జీబీ అంటారు గానీ, 2023 ఫిబ్రవరి నుంచి అటాచ్‌మెంట్లు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 5 జీబీ క్లౌడ్ (ఇంటర్నెట్‌లోని నిలవ) లెక్కలోకి కూడా వస్తాయి. పీడీఎఫ్‌లు ఎక్కువగా వచ్చే అకౌంటు ఆ 5 దగ్గరే ఆగుతుంది. ఉచిత యాప్‌లో ప్రకటన కూడా మెయిల్ వరసలోనే, మెయిల్ లాగే కనబడుతుంది. చూపు సరిగా ఆననివాళ్లు తెలియకుండా దాన్ని నొక్కుతారు.

ప్రకటన అన్నదే ఉండకూడదంటే జోహో మెయిల్. చెన్నై కంపెనీ. 2025 అక్టోబరులో కేంద్ర హోం మంత్రి అమిత్ షా తన మెయిల్‌ని దీనికి మార్చుకున్నట్టు ప్రకటించాక చాలామంది పెద్దవాళ్లు మేమూ మారతాం అంటున్నారు. మెయిల్ బాగుంటుంది, కళ్లకి శుభ్రంగా ఉంటుంది. కానీ ఆండ్రాయిడ్ ఫోనులో జీమెయిల్ ఎలాగూ పోదు, అంటే రెండు అకౌంట్లు, రెండు పాస్‌వర్డ్‌లు, రెండు రికవరీలు. ఒకటే సరిగా నిలబెట్టడం కష్టమైన ఇంట్లో రెండోది ఎందుకన్నది మా అభిప్రాయం.

యాహూ అకౌంటు పాతికేళ్లనాటిదై, ఇంకా తెరుచుకుంటుంటే చంపకండి, కొత్త పనులకి వాడకండి. పన్నెండు నెలలు తెరవకపోతే వాళ్లు ఖాళీ చేసేస్తారు. వచ్చిన మెయిల్‌ని వేరే అడ్రసుకి దానంతటదే మళ్లించే సౌకర్యం 2021 జనవరి నుంచి డబ్బు కట్టినవాళ్లకే. మారే నాలుగు నెలలూ జీమెయిల్ యాప్‌లోనే యాహూ అకౌంటుని కలిపి పెడితే రెండూ ఒకేచోట కనబడతాయి.

ప్రోటాన్ మెయిల్ రహస్యంగా ఉంచడంలో మేటి, పెద్దవాళ్లకి మాత్రం వద్దు. పాస్‌వర్డ్ మర్చిపోయి కొత్తది పెట్టుకుంటే, రికవరీ వాక్యమో ఫైలో ముందే దాచుకుని ఉండకపోతే, పాత మెయిళ్లు ఇక చదవలేరు. దాని బలమే ఇక్కడ ప్రమాదం.

అడ్రసు, పాస్‌వర్డ్

అడ్రసు బ్యాంకు కౌంటరు దగ్గర నోటితో చెప్పగలిగేలా ఉండాలి. మన పేర్లతో వచ్చే తంటా స్పెల్లింగు. లక్ష్మిని ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు, కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్లున్నారు. వెంకటేశ్వరరావులో వీ ఒకరికి, డబ్ల్యూ ఇంకొకరికి. ఆధార్ మీద ఏ స్పెల్లింగు ఉందో అదే పెట్టండి, కౌంటరులో కార్డు చూపిస్తే సరిపోతుంది. అండర్‌స్కోర్ వద్దు, సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ ఎల్‌కీ తికమకపడే చోట్లు వద్దు. పుట్టిన సంవత్సరం అసలే వద్దు. మనిషి వయసు అడ్రసులోనే చెప్పేస్తే పెద్దవాళ్ల కోసం వెతికే మోసగాళ్లకి పని సులువవుతుంది. జీమెయిల్‌లో పేర్ల మధ్య చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే అడ్రసు, కాబట్టి అమ్మ చుక్క చెప్పడం మర్చిపోయినా మెయిల్ ఆవిడకే వస్తుంది. అవుట్‌లుక్‌లో అలా కాదు, చుక్క కూడా అడ్రసులో భాగమే.

పాస్‌వర్డ్‌కి మనవడి పేరు, ఎట్ గుర్తు, 123 అన్నది ప్రతి ఇంట్లోనూ ఉండేదే, దొంగలు మొదట ప్రయత్నించేదీ అదే. దానికన్నా సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయించండి: గోంగూర, నిచ్చెన, రేవు, తాటాకు లాంటివి. ఈ నాలుగే పెట్టకండి, మీ అమ్మగారినే నాలుగు మాటలు చెప్పమనండి. ఇరవై అక్షరాలు దాటుతుంది, ఆవిడకి గుర్తుంటుంది. కాగితం మీద రాసి బీరువాలో పొలం పాస్‌బుక్కు పక్కన పెట్టడం తప్పేమీ కాదు. ఎక్కడో కూర్చుని పాస్‌వర్డ్‌లు కొట్టేసేవాడికి మీ బీరువా కనబడదు. ఫోను కవరు వెనక చీటీ పెట్టడం మాత్రం తప్పే, ఫోనుతోపాటే పోతుంది.

రెండో తాళం: ఓటీపీ, ప్రాంప్ట్, పాస్‌కీ, కోడ్‌లు

పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసిపోయినా లోపలికి రాకుండా రెండో తాళం తప్పకుండా పెట్టాలి. అసలు చిక్కులన్నీ ఇక్కడే వస్తాయి, అందుకని కాస్త ఎక్కువ చెబుతాం.

ఎస్సెమ్మెస్ ఓటీపీ అందరికీ తెలిసిందే, అమ్మకి కొత్తగా నేర్పక్కర్లేదు. కానీ రీచార్జి అయిపోయి కొన్నాళ్లు గడిస్తే మెసేజీలు రావడమూ ఆగిపోతుంది. ఫోను పోయి డూప్లికేటు సిమ్ము తీసుకుంటే, సిమ్ము మార్చిన 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపాలన్నది టెలికాం శాఖ నియమం. సరిగ్గా అవసరమైన రోజునే ఓటీపీ రాదన్నమాట. సిమ్ము పూర్తిగా రద్దయితే, కనీసం 90 రోజుల తర్వాత ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. అమెరికాలో కొడుకు దగ్గర ఆరునెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులున్న ఊళ్లు మనవి. ఇక్కడి సిమ్ము అన్నాళ్లు రీచార్జి లేకుండా సొరుగులో పడి ఉంటే, తిరిగొచ్చేసరికి నంబరే ఉండకపోవచ్చు.

గూగుల్ ప్రాంప్ట్ అంటే, ఎవరైనా లాగిన్ అవ్వబోతే ఫోను తెర మీదకి "మీరేనా?" అని వచ్చే ప్రశ్న. ఓటీపీ కన్నా సులువు, సిమ్ముతో పనిలేదు, ఇంటర్నెట్ ఉంటే చాలు. ఒక్కటే ప్రమాదం, మనవాళ్లు ఏది వచ్చినా "అవును" నొక్కేస్తారు. ఒక్క మాట గట్టిగా నేర్పండి: "నువ్వు ఆ నిమిషంలో లాగిన్ అవ్వట్లేదంటే కాదు నొక్కు." దాన్ని ఒకసారి చేసి చూపించండి. మీ ల్యాప్‌టాప్‌లో కావాలని లాగిన్ ప్రయత్నించి, ఆవిడ చేత "కాదు" నొక్కించండి.

పాస్‌కీ ఈ మూడింటిలో గట్టిది. ఫోను తెరిచే వేలిముద్రో పిన్నో ఇస్తే చాలు, టైపు చేసే పాస్‌వర్డ్ ఉండదు, దొంగ వెబ్‌సైటు దగ్గర అది పనిచేయదు. అయితే రేషన్ షాపులో వేలిముద్ర పడక నాలుగుసార్లు రుద్దుకునే పెద్దవాళ్లకి ఫోనులోనూ వేలు పడకపోవచ్చు. అలాంటివాళ్లకి ఆరంకెల పిన్ అలవాటు చేయండి. ఆ పిన్ ఏటీఎం పిన్ కాకూడదు.

మా సలహా ఇది: అమ్మ ఫోనులో పాస్‌కీ, దానితోపాటు ప్రాంప్ట్, ఎస్సెమ్మెస్‌ని వెనక దన్నుగా. వీటన్నిటికీ కింద పునాదిగా బ్యాకప్ కోడ్‌లు. సెక్యూరిటీ పేజీలో రెండంచెల వెరిఫికేషన్ కింద అవి దొరుకుతాయి, ఎనిమిదేసి అంకెలవి పది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. రెండు ప్రింట్లు తీయండి. ఒకటి బీరువాలోకి, ఇంకోటి ఇదే ఊళ్లో ఉన్న నమ్మకమైన మనిషికి. వాడిన కోడ్ మీద గీత కొట్టాలని చెప్పండి.

రికవరీ నంబరు దగ్గర చాలామంది చేసే తప్పు అమ్మ సొంత నంబరు ఒక్కటే ఇవ్వడం. ఫోను పోతే ఇంటి తాళమూ మారు తాళమూ ఒకే సంచిలో పోయినట్టు అవుతుంది. రెండో తప్పు అమెరికాలో ఉన్న కొడుకు నంబరు ఇవ్వడం. లబ్బీపేటలో మధ్యాహ్నం రెండింటికి అమ్మకి కోడ్ కావాలి, అప్పుడు డాలస్‌లో తెల్లవారుజాము మూడున్నర. ఫోను సైలెంట్‌లో ఉంటుంది, కోడ్ గడువు దాటిపోతుంది. రికవరీ ఫోనుగా ఈ దేశంలోనే ఉన్న మనిషిది ఇవ్వండి, అది నాన్నగారిదో, పిన్నిగారిదో, పక్క వీధిలో ఉన్న మేనల్లుడిదో. అమెరికా కొడుకుది రికవరీ ఈమెయిల్‌గా పెట్టండి. 2025 అక్టోబరులో గూగుల్ తెచ్చిన రికవరీ కాంటాక్ట్స్ కూడా వాడుకోవచ్చు. నమ్మకమైన మనిషిని ముందే చేర్చిపెడితే, అమ్మ తెర మీద కనబడే నంబరుని వాళ్లు సరిపోల్చి ఆవిడే అని ధ్రువీకరిస్తారు. వాళ్లకి అమ్మ మెయిల్ కనబడదు.

పిల్లలు సాయం చేసే మూడు దారులు

మొదటి దారి పాస్‌వర్డ్ పంచుకోవడం. అందరూ చేసేదీ, చేయకూడనిదీ ఇదే. అమ్మ ఉదయం గుంటూరులోనూ, మీరు అదే గంటలో ఇంకో దేశంలోనూ లాగిన్ అయితే గూగుల్‌కి అది దొంగతనంలాగే కనబడుతుంది, కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ అమ్మ ఫోనుకి పోతుంది. పైగా పాస్‌వర్డ్ ఒకరికి చెప్పడం మామూలే అని ఆవిడకి మనమే నేర్పినట్టవుతుంది. రేపు బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఫోను చేసి అడిగినా అలాగే చెప్పేస్తుంది.

రెండోది ఫార్వర్డ్. ఆవిడ మెయిల్ ఆవిడ చదువుకోగలదు, బిల్లులూ పన్ను నోటీసులూ మాత్రం మీకూ రావాలంటే ఇది చాలు. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ దగ్గర మీ అడ్రసు చేర్చి, మీకు వచ్చిన కోడ్ అక్కడ ఇవ్వాలి. తర్వాత ఫిల్టర్ పెట్టి, బ్యాంకు, పన్ను శాఖ, బీమా అడ్రసుల నుంచి వచ్చేవి మాత్రమే మళ్లించండి. అదే ఫిల్టర్‌లో "ఎప్పుడూ స్పామ్‌కి పంపొద్దు" అన్నదీ టిక్ చేయండి. మొత్తం మెయిల్ మళ్లించడం మర్యాద కాదు. ఆవిడ స్నేహితురాళ్లు రాసేవి మీకెందుకు?

మూడోది అధికారం ఇవ్వడం, ఇంగ్లీషులో డెలిగేట్ అంటారు. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్ దగ్గర "మీ అకౌంటుకి యాక్సెస్ ఇవ్వండి" అన్నచోట మీ జీమెయిల్ చేర్చాలి. మీకు వచ్చిన ఆహ్వానాన్ని వారంలోపు ఒప్పుకోవాలి, అమల్లోకి రావడానికి ఒక్కోసారి రోజు పడుతుంది. ఆ తర్వాత మీ పాస్‌వర్డ్‌తోనే మీరు అమ్మ మెయిల్ చదవచ్చు, జవాబివ్వచ్చు, తీసేయవచ్చు. పాస్‌వర్డ్ మార్చడం మాత్రం మీ చేతుల్లో ఉండదు. ఇద్దరికీ రక్షణ అదే. పెట్టేటప్పుడు అక్కడే రెండు ఎంపికలు కనబడతాయి. మీరు తెరిచిన మెయిల్ "చదవనిది"గానే ఉండేలా పెట్టండి, లేకపోతే మీరు చూసేసినది ఆవిడ కంటికి పాతదిలా కనబడి వదిలేస్తుంది. జవాబులో పంపిన మనిషి పేరు కనబడాలా అన్నది ఇంటి ఇష్టం. ఏదైనా ఆవిడని అడిగి, ఆవిడ ముందే చేయండి. చూపు తగ్గినవాళ్లకి, మతిమరుపు మొదలైనవాళ్లకి దీన్ని మించిన ఏర్పాటు లేదు. అవుట్‌లుక్ ఉచిత వ్యక్తిగత అకౌంటులో ఇలాంటిది లేదు, ఫార్వర్డ్ మాత్రమే.

యాప్‌లో సర్దాల్సినవి

"మెయిల్ మాయమైపోయింది" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు కారణం వేలు పక్కకి జారడం. జీమెయిల్ యాప్‌లో మెయిల్ వరసని పక్కకి తోస్తే అది ఆర్కైవ్‌లోకి పోతుంది. పోలేదు, "అన్ని మెయిళ్లు" అన్న అరలో ఉంటుంది, కానీ ఆ అర ఉందని అమ్మకి తెలియదు. సెట్టింగ్స్‌లో జనరల్ దగ్గర స్వైప్ రెండువైపులా "ఏదీ వద్దు" అని పెట్టండి. అక్కడే కింద తీసేసే ముందు అడుగు, పంపే ముందు అడుగు అన్న టిక్కులు రెండూ పెట్టండి. తర్వాత అకౌంటు పేరు నొక్కి, సంభాషణలుగా చూపడం ఆపేయండి. అది ఉంటే పది జవాబులు ఒకే వరసలో మడతపడి, కొత్తది ఎక్కడుందో తెలియదు. బయటి బొమ్మలు చూపే ముందు అడగమనండి. చాట్, మీట్ తీసేస్తే కింద ఉండే గుర్తులు పోయి తెర ఖాళీ అవుతుంది.

కేటగిరీల దగ్గర కాస్త ఆలోచించాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు తరచుగా "అప్‌డేట్స్" అరలో పడతాయి, అమ్మ "ప్రైమరీ" ఒక్కటే చూస్తుంది. కొత్త అకౌంటు అయితే కేటగిరీలన్నీ తీసేయండి. పాత అకౌంటులో అన్నీ తీసేస్తే బట్టల షాపుల ఆఫర్లు వచ్చి ఇన్‌బాక్సుని ముంచేస్తాయి, అందుకని "ప్రమోషన్స్" ఉంచి "అప్‌డేట్స్" తీసేయండి.

ఫోనులో మీ అకౌంటు కూడా చేర్చి వదిలేయకండి. కుడివైపు పైన ఉన్న గుండ్రటి బొమ్మ మీద వేలు పైకో కిందకో జారితే అకౌంటు మారిపోతుంది. అమ్మ మీ ఇన్‌బాక్సు చూస్తూ తన మెయిల్ పోయిందని కంగారుపడుతుంది, మీ పేరుతో జవాబులూ పంపుతుంది.

తెలుగు మెనూలా, ఇంగ్లీషా? ఆవిడ ఏది తడుముకోకుండా చదువుతుందో అది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్క యాప్‌కే భాష మార్చుకోవచ్చు, ఫోనంతా మార్చక్కర్లేదు. తెలుగు పెడితే ఒక్కో మెనూకి స్క్రీన్‌షాట్ మీ ఫోనులో ఉంచుకోండి. లేకపోతే మీరు "సెంట్ నొక్కమ్మా" అంటారు, ఆవిడ తెర మీద ఆ మాటే ఉండదు.

బ్యాంకు పీడీఎఫ్ తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుందని ముందే చెప్పండి. అది మోసం కాదు. పేరులో కొన్ని అక్షరాలూ పుట్టిన తేదీ అంకెలూ కలిపి పెట్టే అలాంటి పాస్‌వర్డ్ పద్ధతి ఆ మెయిల్‌లోనే రాసి ఉంటుంది. ఫైలుకి పాస్‌వర్డ్ ఫైలులోనే ఇవ్వాలి. లింకు తెరుచుకున్న పేజీలో బ్యాంకు పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వకూడదు. ఈ తేడాని ఒక నిజం స్టేట్‌మెంట్ తెరిపించి చూపించండి.

దొంగ మెయిల్‌ని పట్టుకునే ఒక్క అలవాటు

ఒక మెయిల్‌ని దగ్గరగా చూద్దాం. పైన లావు అక్షరాల్లో "ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్" అని ఉంది, పక్కన బొమ్మ కూడా అలాగే ఉంది. మీకు రీఫండ్ వచ్చింది, ఈరోజే వివరాలు ఇవ్వండి అంటోంది. పేరు, బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు, వాటికి విలువ లేదు. పేరు కింద "నాకు" అని చిన్నగా ఉన్నచోట బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే అసలు అడ్రసు బయటపడుతుంది. ఎట్ గుర్తు తర్వాత చివరి ముక్కలు చదవమనండి. మన ప్రభుత్వ శాఖల అడ్రసులు చివర్లో "డాట్ గవ్ డాట్ ఇన్" లేదా "డాట్ నిక్ డాట్ ఇన్" ఉంటాయి. అక్కడ జీమెయిల్ అనో, ఇంకేదో పొడుగు పేరో ఉంటే చదవడం ఆపేయొచ్చు. బ్యాంకులు తమ వెబ్‌సైట్లని "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చివరకి 2025 అక్టోబరు 31లోపు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ చివర ఒక్కటీ గుర్తుంటే చాలా మోసాలు అక్కడే తేలిపోతాయి.

అడ్రసు సరిగ్గా ఉన్నట్టు అనిపించినా మెయిల్‌లో ఉన్న లింకు నొక్కకుండా, బ్యాంకు యాప్ విడిగా తెరిచి చూడటం నేర్పండి. సీబీఐ ముద్రతో, అరెస్టు వారెంటని అటాచ్‌మెంట్‌తో మెయిల్ వస్తే, అలా వీడియో కాల్‌లో చేసే "డిజిటల్ అరెస్ట్" మన చట్టంలోనే లేదని ముందే చెప్పి ఉంచండి. విన్న మాట ఉంటే భయం సగం తగ్గుతుంది. తెర పంచుకునే యాప్ పెట్టమని ఎవరు అడిగినా పెట్టకూడదు. తెర చూపించాలంటే అమ్మే మీకు ఫోను చేసి చూపించాలి, తనకి వచ్చిన ఫోనులో వద్దు.

డబ్బు పోయిందంటే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. బ్యాంకుకి రేపు వెళ్దాం, కొడుకు లేచాక అడుగుదాం అనుకునే లోపు డబ్బు నాలుగు అకౌంట్లు దాటిపోతుంది. ఆ నంబరుని కాంటాక్ట్స్‌లో తెలుగులో "సైబర్ పోలీసు" అని రాసి ఉంచండి. ఎవరు ఏమంటారోనని దాచుకోకుండా, తప్పు జరిగితే తిట్టబోమని కూడా ముందే మాటివ్వండి. పిల్లలు కోప్పడతారన్న భయంతో ఆలస్యం చేసినవాళ్లు చాలామంది.

బీరువాలో కాగితం

అన్నీ అయ్యాక ఒక కాగితం రాయండి: మెయిల్ అడ్రసు ఆధార్ స్పెల్లింగుతో, పాస్‌వర్డ్, రికవరీ నంబరు ఎవరిది, రికవరీ మెయిల్ ఎవరిది, రీచార్జి ఎప్పుడు అయిపోతుంది, ఈ మెయిల్ ఇచ్చిన చోట్ల జాబితా. కోడ్‌ల ప్రింటు దానికే పిన్ను గుచ్చండి. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఒకసారి, మధ్యలో ఇంకోసారి తీసి చూడండి, నంబర్లు పనిచేస్తున్నాయా, నిలవ ఎంత నిండిందా అని.

రెండేళ్లు ఎవరూ తెరవని గూగుల్ అకౌంటు తీసేయబడవచ్చు. అందుకని, వాడకం ఆగిపోతే అకౌంటులోవి ఎవరికి అందాలో ముందే చెప్పిపెట్టే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ కూడా సెట్టింగ్స్‌లో ఆవిడతో మాట్లాడి పెట్టించండి. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా ఎన్నాళ్లు ఆగాలో ఆవిడే ఎంచుకోవాలి, ఆ తర్వాత ఎవరికి కబురు వెళ్లాలో, ఏమేం వాళ్లకి అందాలో కూడా. పది మంది వరకు పేర్లు ఇవ్వచ్చు. ఫొటోలు కూతురికి, పొలం కాగితాల స్కాన్లు కొడుక్కి అని విడదీసి రాయించుకునే వీలూ ఉంది. ఈ సంగతి ఎత్తడం కష్టమే. బీరువా తాళం ఎక్కడుందో చెప్పించుకున్న రోజునే దీన్ని కూడా అడగండి.